మందస రైతాంగ పోరాటం: వీర గున్నమ్మ బలిదానం

పూండి, పలాస, టెక్కలి, ఉద్దానం ప్రాంతాలలో స్వాతంత్ర్యోద్యమం బ్రిటిష్ పాలనతో పాటు జమీందారీ వ్యవస్థను కూడా ఎదిరించింది. 1909లో బారువలో జన్మించిన గౌతు లచ్చన్న 1930లో ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొని జైలు శిక్ష అనుభవించారు. అనంతరం రైతాంగ ఉద్యమానికి నాయకత్వం వహించారు.

1940 మార్చిలో పలాసలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ జరిగింది. అధ్యక్షునిగా ఎన్నికైన రాహుల్ సాంకృత్యాయన్‌ను ప్రభుత్వం ముందే నిర్బంధించినప్పటికీ సభ ఆగలేదు.

కొద్దిరోజులకే, ఏప్రిల్ 1న, మందస జమీందారీలోని గుడారి రాజమణిపురంలో కాల్పులు జరిగాయి. తగాదా అడవి కలపపై మొదలైంది. తరతరాలుగా తెచ్చుకుంటున్న కలపపై జమీందారు విధించిన ఆంక్షలను రైతులు ధిక్కరించారు. వారిని అరెస్టు చేయడానికి వచ్చిన పోలీసులను గ్రామస్థులు అడ్డగించారు. అందరికంటే ముందు నిలిచిన సాసుమాన గున్నమ్మ అప్పటికి గర్భవతి. తూటాలకు ఆమెతో పాటు మరికొందరు రైతులు నేలకొరిగారు. ప్రజలు ఆమెను నేటికీ వీర గున్నమ్మ అనే పిలుస్తారు.

జమీందారీల రద్దు చట్టం 1948లో వచ్చింది. శ్రీకాకుళం జిల్లా 1950లో ఏర్పడినందున, ఈ ఘటనకు సంబంధించిన ఆనాటి దస్త్రాలను విశాఖపట్నం జిల్లా పేరిట వెదకవలసి ఉంటుంది.