దూరపు పెట్టెలోని ఉత్తరం

ఉత్తరం రాసినవారి చేతిని విడిచిన తరువాత, చదివేవారి చేతికి అందేలోపల ఎక్కడ ఉంటుంది? జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ ప్రాంతాల నుండి బ్రతుకుతెరువుకై గల్ఫ్ దేశాలకు వెళ్ళినవారి ఇళ్ళలో ఒకప్పుడు ఈ ప్రశ్నకు ఎంతో విలువ ఉండేది. దుబాయిలో బయలుదేరిన కవరు విమానంలో ఉన్నదో, కరీంనగర్ తపాలా కార్యాలయంలో ఉన్నదో, ఊరి పోస్టుమాను సంచిలో ఉన్నదో తెలుసుకునే ఉపాయం ఇంటివారికి లేదు. ఈ-మెయిల్ వచ్చిన తరువాత ఈ ప్రశ్న మనకు తోచడమే మానివేసింది. తెర మీద కనబడింది కనుక ఉత్తరం మన వద్దనే ఉన్నదని అనుకుంటాము.

వాస్తవానికి విద్యుల్లేఖ ముందుగా చేరేది ఎక్కడో దూరాన రాత్రింబవళ్ళు మేలుకొని ఉండే మరొక కంప్యూటరుకు. దానిని మెయిల్ సర్వర్ అంటారు. అందులో మన పేరున ఒక పెట్టె ఉంటుంది. మన ఫోనులో కనిపించేది ఆ పెట్టెవైపు తెరచిన కిటికీ మాత్రమే. ఆ కిటికీ రంగులను, బొత్తాములను పక్కన పెట్టి, కొద్దిపాటి మాటలను టైపు చేసి సర్వర్‌తో నేరుగా సంభాషించే పద్ధతి ఒకటి ఉన్నది. దానిని కమాండ్ లైన్ పద్ధతి అంటారు. ఈ పద్ధతి తెలిసినవారికి తమ ఉత్తరం ఎక్కడ ఉన్నదో, ఎంత ఉన్నదో, ఎప్పుడు నిజంగా నశిస్తుందో తెలుస్తుంది.

1971లో రే టామ్లిన్సన్ అనే అమెరికన్ ఇంజనీరు కంప్యూటర్ల అనుసంధానం ద్వారా లేఖను పంపినప్పుడు, వ్యక్తి పేరుకూ యంత్రం పేరుకూ నడుమ 'అట్' గుర్తును ఉంచాడు. ఫలానా యంత్రం వద్ద ఉన్న ఫలానా వ్యక్తి అని దాని తాత్పర్యం. పెట్టె వేరొక చోట ఉన్నదన్న సంగతి చిరునామాలోనే ఇమిడి ఉన్నదన్నమాట. మన దేశంలో విద్యా పరిశోధన సంస్థలను కలిపే ఎర్నెట్ వ్యవస్థ 1986లో ఆరంభమైంది. 1989లో బొంబాయిలోని నేషనల్ సెంటర్ ఫర్ సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ నుండి అమెరికాకు ఒక లైను ఏర్పడింది. దాని వేగం సెకనుకు 9,600 బిట్లు, అనగా 1,200 ఆంగ్లాక్షరాలు. 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ సంస్థ ఇంటర్నెట్‌ను మహానగరాలలోని సామాన్య ప్రజలకు అందుబాటులోకి తెచ్చింది. విద్యార్థులకు ఏడాదికి 500 రూపాయల ఖాతా లభించేది. అందులో బొమ్మలు లేవు, అక్షరాలు మాత్రమే. మోడెం ద్వారా ఫోను కలిపి, సర్వర్‌లోకి ప్రవేశించి, పైన్ వంటి ప్రోగ్రాముతో ఉత్తరాలను అక్కడికక్కడే చదివి బయటికి వచ్చేవారు. మన జిల్లాల పట్టణాలలో ఇంటర్నెట్ కేంద్రాలు వెలసినది ఆ తరువాతి మాట.

యునిక్స్ వర్గానికి చెందిన సర్వర్‌లలో ఉత్తరాలను భద్రపరచే పాత పద్ధతి మిక్కిలి సరళమైనది. ఒక్కొక్క వ్యక్తికి ఒక్క ఫైలు ఉంటుంది. వచ్చిన ఉత్తరం వచ్చినట్లే దాని చివర చేరుతుంది. మన తాళపత్ర గ్రంథాలలో పద్యపాదాలను విడదీసి రాయరు. ఆకు ఈ చివరి నుండి ఆ చివరకు అక్షరాలు ఎడతెగకుండా సాగిపోతాయి. చదివేవారే ఛందస్సును బట్టి పాదాలను విడదీసుకోవాలి. ఈ ఫైలు కూడా అటువంటిదే. ఖాళీ పంక్తి తరువాత 'ఫ్రమ్' అనే ఆంగ్లపదంతో పంక్తి మొదలైతే, అక్కడ కొత్త ఉత్తరం ప్రారంభమైనట్లు లెక్క. మరి ఉత్తరం నడుమనే ఎవరైనా ఆ పదంతో పంక్తిని ప్రారంభిస్తే? ఒక ఉత్తరం రెండు ఉత్తరాలుగా చీలిపోకుండా, ఆ పదానికి ముందు బాణపు మొన వంటి గుర్తును సర్వర్ తానే చేరుస్తుంది. పాత ఉత్తరాలలో అకారణంగా కనిపించే ఆ గుర్తుకు మూలం ఇదే. ఒక్కొక్క ఉత్తరానికి ఒక్కొక్క ఫైలును కేటాయించే పద్ధతులు తరువాత వచ్చాయి.

ఆ సర్వర్‌లో మనకు ఖాతా ఉంటే, మన కంప్యూటరులో 'ఎస్‌ఎస్‌హెచ్' అని టైపు చేసి, ఖాతా పేరు, అట్ గుర్తు, సర్వర్ పేరు రాయాలి. సంకేతపదం ఇచ్చిన తరువాత మనం ఆసిఫాబాదులో కూర్చున్నా, మన మీటలు హైదరాబాదులోని యంత్రంపై పనిచేస్తున్నట్లే. అక్కడ 'మెయిల్' అని టైపు చేస్తే ఉత్తరాల పట్టిక వరుస సంఖ్యలతో కనబడుతుంది. సంఖ్యను టైపు చేస్తే ఆ ఉత్తరం తెరచుకుంటుంది. 'డి' అంటే తొలగించు, 'యు' అంటే తొలగించినదానిని తిరిగి నిలుపు. బయటికి రావడానికి రెండు ద్వారాలు ఉన్నాయి. 'క్యూ' అనే అక్షరంతో వస్తే మనం చేసిన మార్పులన్నీ స్థిరపడతాయి. 'ఎక్స్' అనే అక్షరంతో వస్తే ఏమీ జరగనట్లే పెట్టె యథాస్థితిలో ఉంటుంది. తెలియక తప్పు తొలగింపు చేసినవారికి ఈ రెండవ ద్వారం ప్రాణదాత వంటిది. ఇంకొక విశేషం: 'క్యూ'తో వచ్చినప్పుడు, చదివిన ఉత్తరాలు పెట్టె నుండి మన సొంత ఫైలులోకి తరలిపోతాయి. మరునాడు పట్టికలో అవి కనబడక కొత్తవారు కంగారుపడతారు గాని, ఉత్తరాలు పోవు. చోటు మారతాయి, అంతే.

అందరికీ సర్వర్‌లో అటువంటి ప్రవేశం లభించదు. తపాలా కార్యాలయంలోకి అందరినీ రానిస్తారా? కిటికీ వద్ద నిలిచి అడగవలసిందే. అలా అడిగే భాషకు పోస్ట్ ఆఫీస్ ప్రోటోకాల్ అనే పేరు పెట్టడం చాలా ఉచితంగా ఉన్నది. దీని తొలి రూపం 1984లోనూ, మూడవ రూపం 1988లోనూ వెలువడినాయి. ఇప్పటికీ ప్రమాణంగా ఉన్న పాఠం 1996 నాటిది. వాడుకలో దీనిని 'పాప్' అంటారు. ఇందులోని ఆజ్ఞలన్నీ మూడు నాలుగు అక్షరాల పొట్టి మాటలే. వ్యాకరణ సూత్రకారుల లాఘవాన్ని ఎరిగినవారికి ఇది ఆనందం కలిగిస్తుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాము. ఒక విద్యార్థిని ప్రవేశ పరీక్ష రాసి, ఇంటర్వ్యూ తేదీ తెలిపే ఉత్తరం కొరకు ఎదురు చూస్తున్నది. ఆమె లైను వేగం సెకనుకు 1,200 బైట్లు. యూజర్, పాస్ అనే ఆజ్ఞలతో తన పేరును, సంకేతపదాన్ని తెలిపి, 'స్టాట్' అని అడిగింది. పెట్టెలో 3 ఉత్తరాలు, మొత్తం 42,06,300 బైట్లు ఉన్నవని సర్వర్ బదులిచ్చింది. 'లిస్ట్' అని అడిగితే వివరం తెలిసింది. మొదటిది 2,100, రెండవది 42,00,000, మూడవది 4,200 బైట్లు. రెండవదానిని ఎవరో పెళ్ళి ఫోటోలతో పంపినారు. అన్నింటినీ వరుసగా దించుకునే సాధారణ ప్రోగ్రాము అయితే రెండవ ఉత్తరం వద్దనే దాదాపు 58 నిమిషాలు ఆగిపోతుంది. నడుమ లైను తెగిందా, మళ్ళీ మొదటికి రావలసిందే. మూడున్నర సెకన్లలో అందవలసిన మూడవ ఉత్తరం, ఆ ఫోటోల వెనుక రోజుల తరబడి నిలిచిపోవచ్చు.

కమాండ్ లైన్‌లో ఈ చిక్కు లేదు. 'టాప్' అనే ఆజ్ఞకు ఉత్తరం సంఖ్యను, పంక్తుల సంఖ్యను జోడించి అడిగితే, పంపినవారి పేరు, తేదీ, విషయం, ఆపైన అడిగినన్ని పంక్తులు మాత్రమే వస్తాయి. మూడవ ఉత్తరం ఎవరిదో గ్రహించి, 'రెటర్' అనే ఆజ్ఞతో దానిని మాత్రమే తెప్పించుకోవచ్చు. సర్వర్ తన సమాధానం ముగిసినదని తెలుపడానికి ఒక పంక్తిలో ఒకే ఒక చుక్క పెడుతుంది. పట్టణంలో ఫైబర్ లైను ఉన్నవారికి 42 లక్షల బైట్లు లెక్కలోనివి కావు. తిర్యాణి, ఉట్నూరు కొండల నడుమ ఏ గూడెంలోనైనా ఫోను సంకేతం ఒక్క గీత వద్ద ఊగిసలాడుతున్నప్పుడు మాత్రం ఈ పొదుపు విలువ తెలిసివస్తుంది.

తొలగింపు విషయంలో చాలా జాగ్రత్త అవసరం. 'డెలె' అని, 2 అనే సంఖ్యను ఇస్తే రెండవ ఉత్తరం వెంటనే నశించదు. తొలగింపునకు గుర్తు మాత్రమే పడుతుంది. 'క్విట్' అని చెప్పి సెలవు తీసుకున్నప్పుడే అది అమలు జరుగుతుంది. ఆలోపల లైను తెగిపోతే ఏ ఉత్తరమూ పోదు. మనసు మార్చుకుంటే 'ఆర్‌సెట్' అనే ఆజ్ఞతో గుర్తులన్నింటినీ చెరిపివేయవచ్చు. ఎప్పుడు తెగిపోతుందో తెలియని ఫోను లైన్లను ఎరిగినవారు చేసిన ఏర్పాటు ఇది.

ప్రమాదం మరొక చోట ఉన్నది. ఆ సంభాషణ సాగినంతసేపు వరుస సంఖ్యలు మారవు. రెండవదానికి గుర్తు పెట్టినా మూడవది మూడవదే. కాని క్విట్ చెప్పి, మరల ప్రవేశిస్తే లెక్క కొత్తగా మొదలవుతుంది; నిన్నటి మూడవ ఉత్తరం నేడు రెండవది అవుతుంది. నిన్న తొలగింపు జరిగినదో లేదో అన్న అనుమానంతో విద్యార్థిని మరల 'డెలె 2' అని ఇచ్చి క్విట్ చెప్పినదనుకోండి. పోయేది ఇంటర్వ్యూ ఉత్తరం. దానిని తిరిగి రప్పించే ఆజ్ఞ ఏదీ పాప్‌లో లేదు. కనుక ప్రతిసారి ముందుగా లిస్ట్ అడిగి, పరిమాణాన్ని పోల్చుకొని, ఆ తరువాతనే తొలగించాలి. మారని గుర్తింపు సంఖ్యలను తెలిపే 'యు.ఐ.డి.ఎల్.' అనే ఆజ్ఞ కూడా చాలా సర్వర్‌లలో ఉంటుంది.

1986లో మార్క్ క్రిస్పిన్ స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో రూపొందించిన 'ఐమాప్' మరొక మార్గం. ఉత్తరాలను ఇంటికి తెచ్చుకోవడం పాప్ స్వభావం కాగా, వాటిని సర్వర్‌లోనే ఉంచి వ్యవహరించడం ఐమాప్ స్వభావం. ఫలానా మాట ఉన్న ఉత్తరాలు ఏవి అని అడిగితే వెతికే శ్రమ సర్వర్‌దే. మనకు సంఖ్యలు మాత్రమే వస్తాయి. నేడు ఫోనులోనూ కంప్యూటరులోనూ ఒకే పెట్టె ఒకే తీరుగా కనబడటానికి ఇటువంటి ఏర్పాటే కారణం.

పైన చెప్పిన పాప్ సంభాషణ తొలిరోజులలో టెల్‌నెట్ అనే ప్రోగ్రాము ద్వారా సాగేది. సంకేతపదం కూడా పోస్టుకార్డు మీది రాతవలె అందరికీ కనబడేటట్లు ప్రయాణించేది. 1995లో ఫిన్లాండులోని హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయంలో అలా ప్రయాణించే సంకేతపదాలను ఎవరో దొంగిలించారు. ఆ సంఘటన తరువాత అక్కడి పరిశోధకుడు తాతు యులోనెన్ ఎస్‌ఎస్‌హెచ్‌ను రచించాడు. నేడు పాప్ సంభాషణ కూడా గుప్తలిపి తొడుగులో, సాధారణంగా 995 సంఖ్య గల ద్వారం గుండా సాగుతుంది. పాత 110వ ద్వారాన్ని పేరుపొందిన సంస్థలు ప్రజలకు తెరచి ఉంచడం లేదు. గూగుల్ సంస్థ 2022లో వ్యక్తిగత ఖాతాలకు కేవలం మామూలు సంకేతపదంతో ఇతర ప్రోగ్రాముల నుండి ప్రవేశించే వీలును నిలిపివేసింది. అందుచేత ఈ ఆజ్ఞలను అభ్యసించదలచినవారు కళాశాల ప్రయోగశాలలోని లినక్స్ యంత్రాన్ని ఆశ్రయించడం మేలు.

ఇంతవరకు చెప్పినదంతా ఆంగ్లలేఖలకు చక్కగా వర్తిస్తుంది. మరి తెలుగులో రాసిన ఉత్తరం మాట ఏమిటి? 1990ల ఆరంభంలో అమెరికా విశ్వవిద్యాలయాలలోని తెలుగువారికి ఈ సమస్య ఎదురైంది. వారి తెరలకు రోమన్ అక్షరాలు తప్ప మరొకటి తెలియదు. రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ అనేవారు రోమన్ లిపిలో రాసిన తెలుగును తిరిగి తెలుగు లిపిలోకి మార్చే ప్రోగ్రామును రూపొందించారు. అందులోని లేఖన పద్ధతికి ఆర్‌టీఎస్ అని పేరు. చిన్న 'టి' రాస్తే త, పెద్ద 'టి' రాస్తే ట. చిన్న 'ఎల్' రాస్తే ల, పెద్ద 'ఎల్' రాస్తే ళ. 'మాత'కూ 'మాట'కూ, 'కల'కూ 'కళ'కూ భేదం పోకుండా నిలిపిన నియమం ఇది. ఆంగ్లంలో వాక్యారంభాన వాడే పెద్ద అక్షరం, ఇక్కడ మూర్ధన్యాన్ని సూచించే పనికి వచ్చింది. వర్ణమాల స్వభావాన్ని బాగుగా ఎరిగినవారే ఇటువంటి నియమం చేయగలరు.

యూనికోడ్ వ్యాప్తిలోకి వచ్చిన తరువాత ఆ అవసరం తగ్గింది. కాని సర్వర్ నుండి నేరుగా తెప్పించుకున్న తెలుగు ఉత్తరం తరచుగా అర్థం లేని రోమన్ అక్షరాల గుంపుగా కనబడుతుంది. ఉత్తరం చెడిపోయినదని భయపడి తొలగించరాదు. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతానికి 3 బైట్లు పడతాయి. 'అమ్మ' అనే మాటలో అ, మ, పొల్లు, మ అని 4 సంకేతాలు. మొత్తం 12 బైట్లు. పాత దారులకు అలవాటైన అక్షరాలలో పంపడానికి, బేస్-64 అనే పద్ధతి ప్రతి 3 బైట్లను 4 రోమన్ అక్షరాలుగా మారుస్తుంది. కనుక 'అమ్మ' 16 అక్షరాలై ప్రయాణిస్తుంది. ఆర్‌టీఎస్‌లో అదే మాటకు 4 అక్షరాలే చాలును.

ఈ గుంపులో కూడా తెలుగును గుర్తుపట్టవచ్చు. తెలుగు అక్షరంతో మొదలైన పాఠాన్ని ఇలా మార్చినప్పుడు తొలి రెండు గుర్తులు ఎల్లప్పుడూ 4 అంకె, పెద్ద 'ఎల్' అవుతాయి. మూడవది పెద్ద 'సి' లేదా పెద్ద 'జి'. కన్నడ పాఠానికీ తొలి రెండు గుర్తులు అవే. మూడవది మాత్రం 'కె' లేదా 'ఓ' అవుతుంది. కరీంనగర్ జిల్లా గంగాధర మండలంలో కురిక్యాల సమీపాన బొమ్మలగుట్ట మీద, పంపకవి సోదరుడు జినవల్లభుడు పదవ శతాబ్దిలో వేయించిన శాసనం ఉన్నది. అందులో సంస్కృత, కన్నడ భాషలతో పాటు తెలుగు కందపద్యాలు ఉన్నాయి. ఆనాడు తెలుగు, కన్నడాలకు లిపి ఒక్కటే. రాతి మీద ఒకే లిపిని పంచుకున్న ఆ రెండు భాషలు, ఈనాడు తంతి మీద మూడవ అక్షరం దగ్గర విడిపోతున్నాయి. లినక్స్ యంత్రంలో 'బేస్64' అనే ఆజ్ఞ పక్కన చిన్న గీతను, 'డి' అక్షరాన్ని చేర్చి ఆ గుంపును అందిస్తే, అది తిరిగి తెలుగు అక్షరాలుగా తెర మీదికి వస్తుంది.