జీతం లేని డెవలపర్లు: మన పాత ఫోన్లకి అప్‌డేట్లు ఇస్తున్నది వీళ్లే

ఫ్రెండ్స్, ఈసారి కొత్త ఫోన్ గురించి కాదు. కంపెనీ వదిలేసిన ఫోన్లని ఇంకా నడిపిస్తున్న వాళ్ల గురించి మాట్లాడుకుందాం.

నా దగ్గర ఒక పాత ఫోన్ ఉంది. రెండేళ్లు తిరక్కుండానే కంపెనీ దానికి అప్‌డేట్లు ఆపేసింది. కానీ అది ఈ రోజుకీ సెక్యూరిటీ ప్యాచ్‌లు తీసుకుంటోంది. కారణం లినేజ్ ఓఎస్. ఆ మోడల్‌కి దాన్ని తయారుచేసే మనిషి ఎవరో నాకు తెలీదు. పైసా తీసుకోడు. పగలు ఉద్యోగం, రాత్రి కోడ్.

ఇలాంటి పని డబ్బు లేకుండా ఎన్నాళ్లు నడుస్తుంది అని చాలా మంది అడుగుతారు. దీనికి చరిత్రే సమాధానం చెప్పింది.

మొదటి ఆండ్రాయిడ్ ఫోన్ హెచ్‌టీసీ డ్రీమ్ 2008లో వచ్చింది. దాని కోసం స్టీవ్ కొండిక్ అనే డెవలపర్ 2009లో సరదాగా ఒక రామ్ తయారుచేశాడు. (ఇది మెమరీ ర్యామ్ కాదు, కస్టమ్ రామ్, అంటే ఫోన్ ఆపరేటింగ్ సిస్టమ్‌కి ఇంకో వెర్షన్.) అదే సయనోజెన్‌మోడ్. ప్రపంచం నలుమూలల నుంచి వాలంటీర్లు వచ్చి చేరారు. ఎవరి ఫోన్‌కి వాళ్లు పోర్ట్ చేసుకుంటూ పోయారు.

2013లో దాని చుట్టూ సయనోజెన్ ఇంక్ అనే కంపెనీ ఏర్పడింది. మొదట 70 లక్షల డాలర్ల పెట్టుబడి వచ్చింది. 2014లో వన్‌ప్లస్ వన్‌లో వీళ్ల ఓఎస్సే వచ్చింది. ఇండియాలో మాత్రం మైక్రోమ్యాక్స్‌తో ఎక్స్‌క్లూజివ్ ఒప్పందం చేసుకున్నారు. ఆ గొడవ ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్లింది. 2015లో ఇంకో 8 కోట్ల డాలర్లు వచ్చాయి, ఆ రౌండ్‌కి ముందు నిలిచింది మన దేశానికి చెందిన ప్రేమ్‌జీ ఇన్వెస్ట్.

ఇంత డబ్బు వచ్చాక ఏమైంది? 2016 డిసెంబర్‌లో కంపెనీ చేతులెత్తేసింది. నెలాఖరుకి సర్వీసులు అన్నీ ఆపేస్తున్నామని చెప్పింది. సయనోజెన్‌మోడ్ అనే పేరు కూడా కంపెనీదే కాబట్టి వాలంటీర్లకి అదీ మిగల్లేదు. మిగిలింది ఒక్కటే, ఓపెన్ సోర్స్ కోడ్. దాన్నే పట్టుకుని కొద్ది రోజుల్లోనే లినేజ్ ఓఎస్ అని కొత్త పేరు పెట్టారు. 2017 జనవరిలో మొదటి బిల్డ్‌లు వచ్చేశాయి. కోట్ల డాలర్ల కంపెనీ మూడేళ్లే ఉంది. జీతం లేని వాళ్ల పని మాత్రం ఇంకా నడుస్తోంది.

అలాగని డబ్బు చెడ్డదని నేను అనడం లేదు. సర్వర్లకి ఖర్చు అవుతుంది, దానికి విరాళాలు కావాలి. నేను చెప్పేది ఒకటే. డబ్బు కోసం వచ్చిన వాళ్లు డబ్బు అయిపోగానే వెళ్లిపోతారు. ఆ ఫోన్ మీద ఇష్టంతో వచ్చిన వాళ్లు ఉంటారు.

కానీ ఈ ఇష్టానికీ హద్దు ఉంది. ఒక మోడల్‌ని చూసుకోవాలంటే ఆ ఫోన్ చేతిలో ఉండాలి, వందల జీబీ ఖాళీ ఉన్న పీసీ కావాలి, గంటల తరబడి బిల్డ్ కోసం ఎదురుచూసే ఓపిక కావాలి. ఆ మనిషి తప్పుకుంటే, వేరే ఎవరూ ముందుకి రాకపోతే, ఆ మోడల్‌కి బిల్డ్‌లు ఆగిపోతాయి. అందుకే "అప్‌డేట్ ఎప్పుడు బ్రో?" అని రోజూ అడగడం ఈ కమ్యూనిటీలో మర్యాద కాదు. మనం కస్టమర్లం కాము, అతను కస్టమర్ కేర్ కాదు.

మరి మనం ఏం చేయొచ్చు? బగ్ కనిపిస్తే "పనిచేయట్లేదు" అని వదిలేయకుండా లాగ్‌క్యాట్ తీసి, ఏ బిల్డ్‌లో, ఏం చేస్తే వస్తోందో రాయండి. అతని రెండు రాత్రుల పని మిగుల్తుంది. కోడింగ్ రాకపోయినా పర్లేదు, క్రౌడిన్‌లో అనువాదాలు చేసేది కూడా వాలంటీర్లే. తెలుగు బాగా వచ్చిన మీరు అక్కడ పనికొస్తారు. ఏమీ కుదరకపోతే ఒక థ్యాంక్స్ చెప్పండి. అతనికి వచ్చే జీతం దాదాపు అదే.

చివరిగా ఒక జాగ్రత్త. బూట్‌లోడర్ అన్‌లాక్ చేస్తే ఫోన్‌లో డేటా మొత్తం పోతుంది. కొన్ని బ్యాంకింగ్ యాప్‌లు తెరుచుకోకపోవచ్చు. కాబట్టి రోజూ వాడే ఫోన్ జోలికి వెళ్లకండి. డ్రాయర్‌లో పడేసిన పాత ఫోన్‌తో మొదలుపెట్టండి.