కాలేయాన్ని తప్పించుకునే పుచ్చకాయ

పుచ్చకాయ ఎర్ర గుజ్జు తినేసి పారేసే తెల్లభాగంలోనే అసలు మందంతా ఉందట, అది తింటే బీపీ తగ్గుతుందట, నిజమేనా అని ఒక పాఠకురాలు అడిగారు. ఎండాకాలం వచ్చిందంటే వాట్సాప్‌లో తిరిగే మాటే. కొట్టిపారేద్దామంటే కుదరదు, ఇందులో సగం నిజం. ఆ సగం మహా పసందైనది.

మామూలు సంగతులు గబగబా చెప్పేస్తాను. కాయలో 91 శాతం నీళ్లే. వంద గ్రాముల గుజ్జులో చక్కెర 6 గ్రాములు, పొటాషియం 110 మిల్లీగ్రాముల చిల్లర, ఎరుపునిచ్చే లైకోపీన్ సుమారు 4.5 మిల్లీగ్రాములు. లైకోపీన్‌లో పచ్చి టమాటాను మించిపోయింది. ఇక అసలు కథానాయకుడు సిట్రులిన్ అనే అమైనో ఆమ్లం.

దీన్ని 1914లో జపాన్‌లో కోగా, ఒడాకే పుచ్చకాయ రసం నుంచే వేరుచేశారు. 1930లో వాడా గుర్తించి పేరు పెట్టాడు. రెండేళ్లకు క్రెబ్స్, హెన్సెలైట్ మన ఒంట్లో యూరియా తయారయ్యే చక్రాన్ని కనిపెడితే, దాని మధ్య మజిలీలో మళ్లీ ఇదే దర్శనమిచ్చింది.

ఇక బీపీతో దీనికి లింకేమిటంటే, మన రక్తనాళాల లోపలి పొర ఆర్జినైన్ అనే మరో అమైనో ఆమ్లం నుంచి నైట్రిక్ ఆక్సైడ్ తయారుచేస్తుంది. అది తగలగానే నాళం చుట్టూ ఉన్న కండరం సడలి, దారి వెడల్పవుతుంది. ఈ పరిశోధనకే ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మ్యురాడ్‌లకు 1998లో నోబెల్ వచ్చింది. మరి ఆర్జినైన్‌నే మింగేస్తే పోలేదా? అక్కడే ఉంది చిక్కు. పేగుల్లో, కాలేయంలో ఆర్జినేజ్ అనే ఎంజైమ్ కాపుకాసి, వచ్చిన ఆర్జినైన్‌లో చాలా భాగాన్ని దారిలోనే విరగ్గొట్టేస్తుంది. సిట్రులిన్ జోలికి మాత్రం పోదు. చెక్‌పోస్టును తప్పించుకుని బైపాస్ ఎక్కిన లారీలా సిట్రులిన్ కిడ్నీలకు చేరి, అక్కడ ఆర్జినైన్‌గా మారి రక్తంలో కలుస్తుంది. ఎంత గడుసుదనం!

మొక్క దీన్ని మన బీపీ కోసం చేసుకోలేదు లెండి. కలహారీ ఎడారిలో పెరిగే అడవి పుచ్చ, నీళ్లందక ఎండ మాడ్చేస్తున్నప్పుడు ఆకుల్లో సిట్రులిన్ పోగేసుకుంటుంది. అప్పుడు పుట్టే హైడ్రాక్సిల్ రాడికల్స్‌ను అది పట్టి అణచగలదని 2001లో జపాన్ శాస్త్రవేత్తలు చూపించారు.

2008లో అమెరికాలోని టెక్సస్ ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయం ఈ సిట్రులిన్ గురించి ప్రకటన చేస్తూ వయాగ్రా ఊసెత్తింది. ఇంకేముంది, పత్రికలు పండగ చేసుకున్నాయి. నిజానికి వయాగ్రా నైట్రిక్ ఆక్సైడ్‌ను పెంచదు. నైట్రిక్ ఆక్సైడ్ పంపిన సంకేతం త్వరగా చెరిగిపోకుండా అడ్డుపడుతుంది. సిట్రులిన్ ముడిసరుకు మాత్రమే. రెండింటికీ ముడిపెట్టడం హెడ్‌లైన్ల కక్కుర్తి.

తెల్లభాగం సంగతీ అంతే. 2005లో కొలిచినప్పుడు ఎండబెట్టిన తొక్కలో గ్రాముకు 24.7 మిల్లీగ్రాముల సిట్రులిన్ తేలింది, ఎండిన గుజ్జులో 16.7. ప్రచారమంతా ఈ అంకెల మీదే. మనం పుచ్చకాయను ఎండబెట్టుకు తింటామా? పచ్చిగా తూచితే తొక్కలో 1.3, గుజ్జులో 1.9. అంటే గెలిచింది ఎర్రదే!

మోతాదు కూడా చూడండి. 2007లో అచ్చయిన అమెరికన్ పరీక్షలో రోజుకు 1,560 గ్రాముల రసం మూడు వారాలు తాగిస్తే రక్తంలో ఆర్జినైన్ 22 శాతం పెరిగింది. రెండు ముక్కలు తిని బీపీ మాత్ర మానేసేవాళ్లకు ఈ అంకె ఎవరైనా చూపిస్తే బాగుండు.

నష్టాల మాట కూడా చెప్పుకోవాలి కాబట్టి: కిడ్నీ జబ్బుతో పొటాషియం తగ్గించమన్నవాళ్లు డాక్టర్‌ని అడిగే తినాలి. ఫ్రక్టోజ్ పడనివాళ్లకు కడుపు ఉబ్బుతుంది. షుగర్ ఉన్నవాళ్లు కొద్దిగా తినొచ్చు, జ్యూస్ వద్దు. నన్నడిగితే అందరూ భయపడాల్సింది బండి మీద కోసిపెట్టిన ముక్కలకు. ఈ పండులో పులుపు తక్కువ, బ్యాక్టీరియాకు అడ్డేమీ ఉండదు. కాయ కొని, కడిగి, ఇంట్లో కోసుకోండి. తెల్లభాగం పచ్చడికి బాగానే ఉంటుంది.