పాలు పితుకుటకు ఇంగ్లీషు లేదా?

ఇంగ్లీషు నేర్వబూనిన వానికి మొట్టమొదట ఒప్పగించు పాఠములలో దినచర్య యొకటి. ఏ వాచకము తీసి చూచినను ఇంచుమించు ఇదే వరుస కనబడును. ఉదయము ఆరు గంటలకు లేచుట, పండ్లు తోముకొనుట, స్నానము, కాఫీ, వార్తాపత్రిక, పిమ్మట కళాశాలకో కార్యాలయమునకో పోవుట, సాయంకాలము ఆటలు, రాత్రి పది గంటలకు నిద్ర. చూచుటకు ఇంతకన్న సులువైన పాఠము లేదు. ఎవని దినము వానికి తెలియనిది కాదు గదా! కాని ఇరువదియైదేండ్లకు పైగా తెలుగు పాఠము చెప్పిన పిమ్మట, మన పిల్లలు పలువురు ఈ చిన్న పాఠములోనే తడబడి అక్కడనే నిలిచిపోవుచున్నారని నాకు తోచుచున్నది. ఆ తడబాటునకు వారి మందబుద్ధి కారణము కాదు. తమ తెలుగు తమకేమి చెప్పుచున్నదో ఎవరును వారికి చూపకపోవుటయే కారణము.

నిరుడు వానకాలమున మా కళాశాలలో డిగ్రీ చివరి సంవత్సరము చదువు కుర్రవాడొకడు సాయంకాలము నాయొద్దకు వచ్చెను. ఏదో ఉద్యోగమునకు ఇంగ్లీషున ముఖాముఖి పరీక్ష యున్నదట. “ఇంగ్లీషు వారుండగా తెలుగు మాస్టరు దగ్గరకు వచ్చితివేమి?” అని అడిగితిని. తప్పు మాటాడినను నేను నవ్వనని ఎవరో చెప్పిరట. సరే, చెప్పుమంటిని. అతడు చేతులు కట్టుకొని నిలువబడి, తన దినచర్యను ఆగకుండ ఏకరువు పెట్టెను. ఒక్క తప్పును లేదు. ఆరు గంటలు, కాఫీ, వార్తాపత్రిక, ఆటలు అన్నియు వరుసగా వచ్చినవి.

“బాగుందోయ్. ఇందులో నువ్వు నిజంగా చేసేదేమిటి?”

కుర్రవాడు కొంత ఆలోచించెను. “పళ్ళు తోముకోవడం ఒక్కటేనండి.”

“మరి ఎన్నింటికి లేస్తావు?”

“నాలుగింటికండి. రెండు గేదెలున్నాయండి. పాలు తీసి, కేంద్రంలో పోసి, గడ్డి వేసి, ఏడున్నర బస్సుకి వస్తానండి.”

“ఆ సంగతే చెప్పరాదూ?”

“దానికి ఇంగ్లీషు లేదు కదండీ, మాస్టారూ!”

ఆ మాట నన్ను చాలసేపు వదలలేదు. లోకములో ఇంగ్లీషు పలుకు దేశములన్నింట పాడి కలదు. పాలు పితుకువారు కలరు. ఐనను ఈ కుర్రవానికి, ఇంగ్లీషనునది కాఫీ త్రాగి పత్రిక చదువువారి దినమునకే కాని తన దినమునకు కాదను నమ్మకము కుదిరిపోయినది. అతడు నేర్చినది పరుని దినచర్య. దానిని ఎంత చక్కగా ఒప్పగించినను అది అప్పు తెచ్చుకొన్న చొక్కావంటిది; భుజముల యొద్ద పట్టదు.

అతనిని చూచి నవ్వుటకు నాకు మాత్రము అర్హత యెక్కడిది? పదునైదేండ్ల క్రిందట ఒక సదస్సునకై ఢిల్లీ పోయి అతిథిగృహమున దిగితిని. టీ పంపుటకై, నేను ఎన్నింటికి లేతునని అచ్చటి ఉద్యోగి ఇంగ్లీషున అడిగెను. “ఐ విల్ గెట్ అప్ ఎట్ ఫోర్” అని గంభీరముగా చెప్పితిని. మరునాడు సరిగా నాలుగింటికి టీ వచ్చినది. ఆ మరునాడు ఆరు దాటినను రాలేదు. అడుగగా, “మీరు ఒక్కనాటి సంగతియే గదా చెప్పితిరి!” అనెను. నేను అలవాటు చెప్పితిని. ఆయన రేపటి సంగతి వినెను.

ఈ పొరపాటు ఎచ్చటినుండి వచ్చినది? మన తెలుగునుండియే. “రోజూ నాలుగింటికి లేస్తాను”, “రేపు నాలుగింటికి లేస్తాను” అను రెండు వాక్యములలోను క్రియ ఒక్కటే. రోజూ అన్నచో అలవాటు, రేపు అన్నచో భవిష్యత్తు. ఇంగ్లీషున అట్లు కుదరదు. అలవాటునకు “ఐ గెట్ అప్”, రేపటి నిశ్చయమునకు “ఐ విల్ గెట్ అప్” అని వేరువేరు రూపములు. హిందీలోను ఈ భేదము కలదు. మనవాడు ‘లేస్తాను’ అను మాటకు ‘విల్’ చేర్చుకొనుట నేర్చి, అలవాటు చెప్పవలసిన చోటను దానినే వాడును. అది తప్పని చెప్పువారున్నారు గాని, ఎందుకు తప్పుచున్నాడో చెప్పువారు అరుదు.

ఇందులో ఒక వింత కలదు. అలవాటును ప్రత్యేకముగా గుర్తించుట మన వ్యాకరణమునకు క్రొత్త కాదు. పరవస్తు చిన్నయసూరి తన బాలవ్యాకరణమున భూత భవిష్యద్వర్తమానములతో నిలువక, తద్ధర్మమను మరియొక దానిని గూడ చెప్పెను. వంటవాడు వండును; సూర్యుడు తూర్పున ఉదయించును; ఆవు గడ్డి మేయును. ఇవి నిన్నటివి కావు, రేపటివి కావు, ఈ క్షణమున జరుగుచున్నవే యననక్కరలేదు. అది వాని ధర్మము, అనగా స్వభావము, వాడుక. ఇంగ్లీషు వాచకములు సింపుల్ ప్రెజెంటని పేరుపెట్టి బోధించునది చాలవరకు ఈ తద్ధర్మమే. ‘ప్రెజెంట్’ అను పేరు విని, అది ఇప్పుడు జరుగుచున్న పని కాబోలునని విద్యార్థి భ్రమపడుచున్నాడు. తద్ధర్మమని చెప్పినచో, తెలుగు వ్యాకరణము కొంచెము చదివిన వానికి వెంటనే తెలియును.

నేను మా కుర్రవానికి అట్లే చెప్పితిని. వాచకము మూయించి, అతడు లేచినది మొదలు పండుకొనువరకు చేయు పనులను తెలుగున వ్రాయించితిని. ఇరువది క్రియలు వచ్చినవి. పిదప ఒక్కొక్కదానికి ఇంగ్లీషు వెదకితిమి.

పాలు తీయుటను అతడు “ఐ టేక్ మిల్క్” అనెను. వినువాడు, ఈతడు పాలు త్రాగునని అర్థము చేసికొనును. ఇంగ్లీషున ‘మిల్క్’ అను మాటయే పాలకును, పితుకుటకును పేరు. “ఐ మిల్క్ ద బఫెలోస్.” అట్లే ‘వాటర్’ నీరును అగును, మొక్కలకు నీరు పోయుటయు నగును. ఈ సంగతి తెలిసినప్పుడు ఆ కుర్రవాని ముఖమున కనబడిన వెలుగును నేను మరువలేను. తన గేదెలకు ఇంగ్లీషు దొరకినది.

తరువాత పండ్లు తోముకొనుట. తెలుగున గిన్నెలు తోముదుము, పండ్లు తోముకొందుము. ఆ ‘కొను’ అను రెండక్షరములలో, ఆ పని మనకొరకే, మన దేహముపైనే యను భావమంతయు ఇమిడియున్నది. ఇంగ్లీషునకు ‘కొను’ లేదు. అందుచేత ‘మై’ అను మాట వచ్చి ఆ లోటు తీర్చును: “ఐ బ్రష్ మై టీత్”, “ఐ కోంబ్ మై హెయిర్”. తెలుగున ‘నా పండ్లు తోముకొందును’ అన్నచో, పరుల పండ్లు తోమువా రెవరైన నున్నారా యని నవ్వుదుము. ఇంగ్లీషున మాత్రము ‘మై’ మానినచో వాక్యము కుంటుపడును.

మరియొక చిక్కు కర్తను గూర్చినది. తెలుగున ‘లేస్తాను’ అన్నచో లేచువాడు నేనేయని క్రియ తుదయే చెప్పును. లేస్తావు, లేస్తాడు, లేస్తుంది, లేస్తారు అని తుద మారుచుండుటచేత ‘నేను, నీవు’ అను మాటలు లేకున్నను నడచును. వెయ్యేండ్ల క్రిందటి ఇంగ్లీషునకును ఇట్టి తుదలు పెక్కు ఉండెడివి. కాలక్రమమున అవి అరిగిపోయి, ఒక్క ప్రథమపురుషైకవచనమున ‘స్’ మాత్రము మిగిలినది. 1611లో వెలువడిన ఆంగ్ల బైబిలునందు ఆ స్థానమున ‘ఎత్’ అను తుద కనబడును. తుదలు పోయినవి గనుక కర్తను విధిగా చెప్పవలసివచ్చినది. “గెట్ అప్ ఎట్ ఫోర్” అని ఊరకున్నచో అది ఎదుటివానిని లెమ్మని ఆజ్ఞాపించుట యగును! ఇక ఆ మిగిలిన ‘స్’ను మనవారు తరచుగా మరతురు. అది పాత ఇంటిలో మిగిలిన ఒక్క స్తంభమని చెప్పినచో మరువరు.

లేదను మాట ఇంకను సున్నితమైనది. “నేను మాంసం తినను” అనుటలో తినుట నా అలవాటు కాదనియు, ఇప్పుడు తిననొల్లననియు రెండర్థములును కలవు. ఇంగ్లీషున అలవాటునకు “ఐ డోంట్ ఈట్”, నిరాకరణమునకు “ఐ వోంట్ ఈట్”. విందునకు పిలిచినవారి యింట రెండవదానిని పలికినచో, మర్యాదగా నియమము చెప్పబోయి మొండిగా త్రోసిపుచ్చినట్లగును. ప్రశ్నకు మనము క్రియ తుదను సాగదీసి “లేస్తావా?” అందుము. ఇంగ్లీషువాడు ‘డు’ అను మాటను ముందు నిలుపును. అర్థమేమియు లేని ఆ చిన్న మాట అచ్చట ద్వారపాలకుని పని చేయును.

కాలము చెప్పుటలో గడియారమునకు ‘ఎట్’, ప్రొద్దునకు ‘ఇన్ ద మార్నింగ్’, వారమునకు ‘ఆన్’, రాత్రికి మరల ‘ఎట్’. వీనికి సూత్రము వెదకుటకన్న తన దినమునకు అతికించి పది మారులు పలుకుట మేలు. ఎల్లప్పుడు, సాధారణముగా, అప్పుడప్పుడు, ఎన్నడును లేదు అనుటకు ఆల్వేస్, యూజువలీ, సంటైమ్స్, నెవర్ అను మాటలున్నవి. ఇవి సాధారణముగా క్రియకు ముందు నిలుచును: “ఐ ఆల్వేస్ గెట్ అప్ ఎట్ ఫోర్.” ‘నెవర్’ వచ్చినచో ‘డోంట్’ రాకూడదు. తెలుగున ‘ఎన్నడును’ అన్న పిదపను ‘చేయను’ అని క్రియను లేదనవలెను గనుక మనకు రెండు లేదనుటలు సహజమనిపించును.

ఇట్లు నేర్చుట నేను కనిపెట్టినది కాదు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా నున్న గిడుగు రామమూర్తిపంతులు, సవరల భాషను వారి నోటినుండియే విని నేర్చెను. వారి పిల్లలకు వారి భాషలో పుస్తకములు వ్రాసెను. 1931లో ఆ భాషను గూర్చి ఆంగ్లమున ఒక గ్రంథమును వెలువరించెను. భాష బ్రతుకులో నుండును, బ్రతుకునుండియే దానిని పట్టుకొనవలెనని ఆయన నమ్మకము. గ్రాంథికము విడువలేని నావంటివాడు ఆయనను ఉదాహరించుట విడ్డూరమేయైనను, ఈ విషయమున ఆయనయే గురువు.

రెండు వారములు గడచినవి. ‘నేను’ ముగిసి ‘అతడు’ మొదలుపెట్టితిమి. ఇంటిలోనివారి దినచర్య చెప్పుమంటిని. తల్లి సంగతి చక్కగా చెప్పెను. ‘స్’ ఒక్క చోటను జారలేదు. తండ్రి యొద్దకు వచ్చి ఆగిపోయెను.

“మా నాన్న పాలు పితికేవాడండి. సంక్రాంతి వెళ్ళాక పక్షవాతమొచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది.”

పూర్వపు అలవాటునకు ఇంగ్లీషున ‘యూస్డ్ టు’ అను రూపము కలదని చెప్పి, “మై ఫాదర్ యూస్డ్ టు మిల్క్ దెమ్” అని పలికి చూపితిని. అతడు పలుకలేదు.

“అంటే ఇక పితకడని అర్థమా అండి?”

“ఒకప్పుడు ఉండేది, ఇప్పుడు లేదు అని అర్థం.”

“ఇప్పుడు లేదు గానండి, పితుకుతాడండి. వేళ్ళు కొంచెం కదులుతున్నాయండి.”

‘పితుకుతాడు’! అలవాటును, రేపును ఒక్క మాటలో కలిపివేయునని నేను రెండు వారములుగా నేరము మోపిన రూపమిది. ఆ కుర్రవానికి కావలసినది సరిగా అదియే. తండ్రి పాలు పితుకువాడు, రేపును పితుకువాడు, నడుమ చెయ్యి పడియుండుట యొక విరామము మాత్రమే. ఆ భావమును ఒక్క క్రియలో చెప్పు సౌకర్యము ఇంగ్లీషున నాకు దొరకలేదు. ఆ మాటయే అతనితో చెప్పితిని. చివరకు అతడు రెండు వాక్యములు వ్రాసికొనెను. ఒకటి ‘యూస్డ్ టు’తో. దాని ప్రక్కనే రెండవది: “హి విల్ మిల్క్ దెమ్ అగైన్.” ఇచ్చట ‘విల్’ తప్పు కాలేదు.

ఆ ఉద్యోగము అతనికి రాలేదు. కాని పరీక్ష జరిగిన సాయంకాలము అతడు బస్సు దిగి నేరుగా మా యింటికి వచ్చెను. వాచకములోని దినము కాక తన దినమును చెప్పినాడట. నాలుగింటికి లేచుట, రెండు గేదెలు, పాలకేంద్రము, ఏడున్నర బస్సు. అడుగువారిలో ఒకాయన కాగితమునుండి తల యెత్తి, గేదెలు పూటకు ఎన్ని లీటర్లిచ్చునని అడిగెనట. ఆ ప్రశ్న ఏ వాచకములోను లేదు.

“చెప్పానండి, మాస్టారూ! అది నాకు తెలిసిందే కదండీ!”