వైఫై పాస్‌వర్డ్ మర్చిపోయారా? రౌటర్ రీసెట్ నొక్కే ముందు ఇవి చూడండి

కొత్త ఫోన్ కొన్నా, స్మార్ట్ టీవీ బిగించినా, పండక్కి చుట్టాలొచ్చినా ఇంట్లో ముందు వినిపించే ప్రశ్న ఒకటే: "వైఫై పాస్‌వర్డ్ ఏంటి?" ఎప్పుడో మూడేళ్ల క్రితం కనెక్షన్ ఇచ్చిన రోజు టెక్నీషియన్ టైప్ చేసి వెళ్లిపోయాడు. అప్పుడు రాసుకున్న కాగితం ఎక్కడుందో ఎవరికీ తెలీదు. చాలా ఇళ్లల్లో పరిస్థితి ఇదే.

రివ్యూల కోసం నా చేతికి రకరకాల ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు వస్తుంటాయి. ఏది వచ్చినా ముందు చేసే పని వైఫై కనెక్ట్ చేయడమే కాబట్టి ఈ దారులన్నీ నాకు బాగా అలవాటు. పాస్‌వర్డ్ తిరిగి కనుక్కోవడం ఐదు నిమిషాల పని. అయితే అది కనుక్కున్నాక దాన్ని అలాగే ఉంచాలా, మార్చాలా అన్నదే అసలు ప్రశ్న. రెండూ చూద్దాం.

అసలు పాస్‌వర్డ్‌లు రెండు

ముందు ఈ తేడా తెలుసుకోండి. ఫోన్ వైఫైకి కనెక్ట్ అవ్వడానికి కొట్టేది వైఫై పాస్‌వర్డ్. రౌటర్ సెట్టింగ్స్ పేజీలోకి వెళ్లడానికి కావాల్సింది అడ్మిన్ పాస్‌వర్డ్. మొదటిది ఇంటి గేటు తాళం అనుకుంటే, రెండోది బీరువా తాళం. మనవాళ్లు మొదటిదే మార్చి ఊరుకుంటారు. రెండోది కంపెనీ పెట్టినట్టే 'అడ్మిన్, అడ్మిన్' అని ఉండిపోతుంది. 2016లో ప్రపంచమంతా గోల చేసిన మిరాయ్ అనే మాల్వేర్ లక్షల కెమెరాలు, రౌటర్లలోకి దూరింది ఇలా మార్చకుండా వదిలేసిన పాస్‌వర్డ్‌లతోనే.

ఫోన్‌లోనే ఉంది, చూడండి

ఇంట్లో ఏ ఒక్క ఫోన్ వైఫైకి కనెక్ట్ అయి ఉన్నా పాస్‌వర్డ్ మీ చేతిలో ఉన్నట్టే.

ఆండ్రాయిడ్ 10, ఆ తర్వాతి వెర్షన్లలో: సెట్టింగ్స్‌లో వైఫై ఓపెన్ చేసి, మీ నెట్‌వర్క్ పేరు పక్కనున్న గేర్ గుర్తు నొక్కండి. 'షేర్' కొట్టి, పిన్ లేదా వేలిముద్ర ఇస్తే క్యూఆర్ కోడ్ వస్తుంది. చాలా ఫోన్లలో దాని కిందే పాస్‌వర్డ్ అక్షరాల్లో కనిపిస్తుంది. కొన్ని ఫోన్లలో కోడ్ మాత్రమే ఉంటుంది. అలాంటప్పుడు స్క్రీన్‌షాట్ తీసి గూగుల్ లెన్స్‌లో ఓపెన్ చేస్తే పాస్‌వర్డ్ బయటపడుతుంది.

ఐఫోన్‌లో ఐఓఎస్ 16 నుంచి: సెట్టింగ్స్‌లో వైఫై, నెట్‌వర్క్ పక్కన 'ఐ' గుర్తు, తర్వాత 'పాస్‌వర్డ్' మీద నొక్కితే ఫేస్ ఐడీ అడిగి చూపిస్తుంది. ఐఓఎస్ 18లో 'పాస్‌వర్డ్స్' అని విడిగా యాప్ ఉంది, అందులో వైఫై విభాగం చూడండి.

ఇక్కడో జాగ్రత్త. ఆ క్యూఆర్ కోడ్ లోపల మీ పాస్‌వర్డ్ మామూలు అక్షరాల్లోనే ఉంటుంది, ఏ ఎన్‌క్రిప్షనూ ఉండదు. ఆ స్క్రీన్‌షాట్‌ను ఫ్యామిలీ వాట్సాప్ గ్రూప్‌లో పెడితే పాస్‌వర్డ్‌ను గ్రూప్‌లో రాసినట్టే లెక్క. పని అయిపోగానే గ్యాలరీలోంచి తీసేయండి.

ల్యాప్‌టాప్ ఉంటే

విండోస్ 11లో సెట్టింగ్స్, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, వైఫై, 'మేనేజ్ నోన్ నెట్‌వర్క్స్' వరకు వెళ్లి మీ నెట్‌వర్క్ పేరు ఎంచుకోండి. 'వ్యూ వైఫై సెక్యూరిటీ కీ' కనిపిస్తుంది. విండోస్ 10 అయితే కంట్రోల్ ప్యానెల్‌లో నెట్‌వర్క్ అండ్ షేరింగ్ సెంటర్, మీ వైఫై పేరు, వైర్‌లెస్ ప్రాపర్టీస్, సెక్యూరిటీ ట్యాబ్, 'షో క్యారెక్టర్స్'. మ్యాక్‌లో వెంచురా వెర్షన్ నుంచి వైఫై సెట్టింగ్స్‌లోనే నెట్‌వర్క్ పేరు పక్కనున్న మూడు చుక్కల్లో 'కాపీ పాస్‌వర్డ్' ఉంది.

ఏదీ కనెక్ట్ అయి లేకపోతే?

రౌటర్‌ను తిప్పి చూడండి. అడుగున స్టిక్కర్ మీద ఫ్యాక్టరీ వైఫై పేరు, పాస్‌వర్డ్, అడ్మిన్ పేజీ అడ్రస్ ఉంటాయి. ఎవరూ మార్చకపోతే అవే పనిచేస్తాయి. మార్చి ఉంటే ల్యాప్‌టాప్‌ను ల్యాన్ కేబుల్‌తో రౌటర్‌కు కలిపి, బ్రౌజర్‌లో ఆ అడ్రస్ కొట్టండి. మామూలుగా 192.168.1.1 లేదా 192.168.0.1 ఉంటుంది, జియోఫైబర్‌కి 192.168.29.1. అడ్మిన్ లాగిన్ తెలిస్తే వైర్‌లెస్ సెట్టింగ్స్‌లో పాస్‌వర్డ్ చూడొచ్చు, మార్చొచ్చు. ఇదంతా ఎందుకనుకుంటే, పెద్ద ఇంటర్నెట్ కంపెనీల కస్టమర్లు చాలామంది కంపెనీ యాప్‌లోంచే కొత్త వైఫై పాస్‌వర్డ్ పెట్టుకోవచ్చు.

రీసెట్ బటన్ చివరాఖరు దారి

రౌటర్ వెనక సన్నటి కన్నం ఉంటుంది. పిన్నుతో పది సెకన్లు నొక్కి పట్టుకుంటే ఫ్యాక్టరీ సెట్టింగ్స్‌కు వెళ్లిపోతుంది. వీడియోల్లో అందరూ ముందు చెప్పేది ఇదే, నేను చివర్లో చెప్తున్నాను. ఎందుకంటే లోకల్ కేబుల్ ఆపరేటర్ల దగ్గర తీసుకున్న కనెక్షన్లలో చాలావరకు రౌటర్ లోపల విడిగా ఒక యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఉంటాయి. దాన్ని పీపీపీఓఈ అంటారు. రీసెట్ కొడితే అవి కూడా తుడిచిపెట్టుకుపోతాయి. వైఫై వస్తుంది, ఇంటర్నెట్ రాదు.

మా అపార్ట్‌మెంట్‌లో పై ఫ్లోర్ వాళ్లు శనివారం సాయంత్రం రీసెట్ కొట్టారు. ఆపరేటర్ మనిషి వచ్చి ఆ వివరాలు మళ్లీ ఎక్కించేసరికి సోమవారం మధ్యాహ్నం అయ్యింది. కాబట్టి ముందు ఆపరేటర్‌కు ఫోన్ చేసి యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడిగి రాసుకోండి. ఆ తర్వాతే పిన్ను తీయండి.

'పాస్‌వర్డ్ ఫైండర్' యాప్‌ల జోలికి వెళ్లొద్దు

రూట్ చేయని ఆండ్రాయిడ్ ఫోన్‌లో సేవ్ అయిన వైఫై పాస్‌వర్డ్‌ను బయటి యాప్ ఏదీ చదవలేదు. సిస్టమే ఒప్పుకోదు. కాబట్టి 'ఒక్క క్లిక్‌తో చూపిస్తాం' అనే యాప్ చేసేది వేరే పని: ప్రకటనలు చూపించడం, మీ లొకేషన్ తీసుకోవడం, లేదా మీరే టైప్ చేసిన పాస్‌వర్డ్‌ను తన సర్వర్‌కు పంపుకోవడం.

ఫోన్ నంబరే పాస్‌వర్డా?

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. పాస్‌వర్డ్ దొరికింది, చూస్తే అది ఇంటాయన మొబైల్ నంబర్. తెలుగు ఇళ్లల్లో నాకు ఎక్కువగా ఎదురయ్యేది ఇదే. గుర్తుండటానికి బాగుంటుంది. కానీ లెక్క చూడండి.

డబ్ల్యూపీఏ2 నెట్‌వర్క్‌కు ఏదైనా ఫోన్ కనెక్ట్ అయ్యేటప్పుడు గాల్లో జరిగే సంభాషణను దగ్గర్లో ఉన్నవాళ్లు రికార్డు చేసుకోవచ్చు. ఆ తర్వాత వాళ్లు మీ ఇంటి దగ్గర ఉండక్కర్లేదు. ఇంటికెళ్లి కంప్యూటర్ ముందు కూర్చుని ఒక్కో పాస్‌వర్డ్ సరిపోతుందో లేదో చూసుకోవచ్చు. మంచి గేమింగ్ గ్రాఫిక్స్ కార్డు సెకనుకు పది లక్షల పాస్‌వర్డ్‌లు ప్రయత్నించగలదు. మన మొబైల్ నంబర్లు 6, 7, 8, 9తోనే మొదలవుతాయి కాబట్టి మొత్తం అవకాశాలు 400 కోట్లు. అంటే 4,000 సెకన్లు. గంటా పది నిమిషాలు కూడా పట్టదు. పుట్టినరోజు తేదీ అయితే వందేళ్లు కలిపినా 36,525 తేదీలే. కన్ను మూసి తెరిచేలోపు అయిపోతుంది.

"నా వైఫై వాడుకుంటే పోయేదేముంది, కాస్త డేటాయే కదా" అంటారు చాలామంది. డేటా సంగతి సరే. 2008 జూలైలో అహ్మదాబాద్ పేలుళ్లకు కాసేపటి ముందు టీవీ ఛానళ్లకు వెళ్లిన ఈ-మెయిల్ ఎక్కడిదని పోలీసులు ఆరా తీస్తే, నవీ ముంబైలో ఒక అమెరికన్ ఇంటి వైఫై దగ్గర తేలింది. దానికి సరైన రక్షణ లేదు, ఎవరో వాడుకున్నారు. సమాధానం చెప్పుకోవాల్సి వచ్చింది మాత్రం ఆయన. ఇంటర్నెట్‌లో కనిపించేది కనెక్షన్ ఎవరి పేరు మీద ఉందో వాళ్ల చిరునామానే.

తెలుగు పదాలతో గట్టి పాస్‌వర్డ్

వైఫై పాస్‌వర్డ్ 8 నుంచి 63 అక్షరాల వరకు ఉండొచ్చు. గుర్తుల గందరగోళం కంటే పొడవు ముఖ్యం. నేను చెప్పే పద్ధతి: ఒకదానితో ఒకటి సంబంధం లేని ఐదు తెలుగు పదాలు ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకోండి. పులి, గోడ, నిమ్మ, పడవ, గుడి లాంటివి. పదాలు మీకు నచ్చినవి కాకుండా, పేపర్ తిరగేసి కళ్లు మూసుకుని వేలు పెట్టి తీసుకోండి. సినిమా డైలాగులు, దేవుళ్ల పేర్లు, పిల్లల పేర్లు వద్దు. ఇక్కడ రాసిన ఐదూ కూడా వద్దు.

రెండు వేల పదాల్లోంచి నాలుగు తీసుకుంటే అన్నీ ప్రయత్నించడానికి అదే గ్రాఫిక్స్ కార్డుకు ఆరు నెలలు పడుతుంది. ఐదో పదం కలిపితే ఆ ఆరు నెలలు వెయ్యేళ్లవుతాయి.

తెలుగుకే ఉన్న చిక్కు ఒకటుంది. 'తాత' అంటే ఒకరు టీ, ఏ రాస్తారు, ఇంకొకరు మధ్యలో హెచ్ పెడతారు. అందుకే త, థ, ద, ధ, దీర్ఘాలు ఉన్న పదాలు వదిలేసి, ఇంట్లో అందరూ ఒకేలా రాసే పదాలే పెట్టుకోండి. టీవీ రిమోట్‌తో టైప్ చేసేటప్పుడు ఈ సలహా విలువ తెలుస్తుంది.

ఎక్కడ దాచాలి?

బిట్‌వార్డెన్ లాంటి పాస్‌వర్డ్ మేనేజర్ ఉచితంగానే దొరుకుతుంది. అందులో 'ఇంటి వైఫై' అని ఒక నోట్ పెట్టి నాలుగు విషయాలు రాయండి: వైఫై పేరు, దాని పాస్‌వర్డ్, అడ్మిన్ లాగిన్, ఆపరేటర్ ఇచ్చిన పీపీపీఓఈ వివరాలు. ఇంట్లో పెద్దవాళ్లుంటే అవే కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. కాగితాన్ని ఆన్‌లైన్‌లో ఎవరూ హ్యాక్ చేయలేరు. రౌటర్ మీద మాత్రం అతికించొద్దు, వచ్చిన ప్రతివాళ్లూ ఫొటో తీసుకోవచ్చు.

చుట్టాలకు, పనివాళ్లకు, అద్దెకున్నవాళ్లకు గెస్ట్ నెట్‌వర్క్ ఆన్ చేసి ఇవ్వండి. వాళ్లకు ఇంటర్నెట్ వస్తుంది, మీ కంప్యూటర్, కెమెరాల వరకు రాలేరు. పండగ అయ్యాక ఆ ఒక్క పాస్‌వర్డ్ మారిస్తే చాలు.

అడ్మిన్ పేజీలో ఉండగానే ఇంకో రెండు పనులు చేయండి. సెక్యూరిటీలో డబ్ల్యూపీఏ3 ఉంటే ఎంచుకోండి, పాత పరికరాలుంటే డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 కలిపిన మోడ్. డబ్ల్యూపీఏ3లో ఇంటికెళ్లి తీరిగ్గా ఊహించే పప్పులు ఉడకవు. డబ్ల్యూపీఎస్ ఆపేయండి. దాని ఎనిమిదంకెల పిన్‌ను రౌటర్ రెండు ముక్కలుగా సరిచూస్తుంది కాబట్టి 11,000 ప్రయత్నాల్లో దొరికిపోతుందని 2011లోనే తేలింది.

ఒక్క మాట. పాస్‌వర్డ్ మార్చగానే పాత పరికరాలన్నీ ఆగిపోతాయి. ముందే లిస్టు రాసుకోండి: ఫోన్లు, టీవీ, ప్రింటర్, స్మార్ట్ బల్బులు, సీసీ కెమెరా. ముఖ్యంగా ఊళ్లో అమ్మానాన్నల ఇంటి కెమెరాను అమెరికాలో కూర్చుని చూసుకునే పిల్లలుంటే వాళ్లకు ముందే చెప్పండి. లేకపోతే మన మధ్యాహ్నం, వాళ్ల అర్ధరాత్రి, కంగారుగా ఫోన్ వస్తుంది.

ఈ ఆదివారం అరగంట చాలు. ముందు ఫోన్‌లో పాత పాస్‌వర్డ్ చూడండి. అందులో పది అంకెలు మాత్రమే ఉంటే, ఆలోచించకుండా మార్చేయండి.