గోదావరి గట్టుమీద సైకిలు

బాలబాలికలారా! మీలో అనేకులు ప్రతిదినము సైకిలెక్కి బడికి వచ్చుచున్నారు. సైకిలు మీకు క్రొత్త వస్తువు కాదు. గోదావరి తీరమున పుట్టిపెరిగినవారికి గట్టును క్రొత్తది కాదు. కాని ఈ రెండింటికి గల చెలిమిని గూర్చి మీరెన్నడైన ఆలోచించితిరా? గట్టు ఎందులకు కట్టబడినది? దానిమీద సైకిలు త్రొక్కుట అంత హాయిగా నుండుటకు కారణమేమి? దానిమీద ఏ బండి పోదగును? ఏది పోదగదు? ఈ సంగతులు తెలిసికొనుటకై మనము రాజమహేంద్రవరమునుండి పట్టిసీమవరకు ఒక ప్రయాణము చేయుదము.

వరదలు తీసి, చలి ఇంకను ముదురని కార్తికమాసము ఇందుకు తగిన కాలము. తెల్లవారకమునుపే బయలుదేరవలెను. రాజమహేంద్రవరమునకు, కొవ్వూరునకు నడుమ గోదావరిపై క్రింద రైళ్ళు, పైన బండ్లు నడచు రెండంతస్తుల వంతెన కలదు. అది 1974వ సంవత్సరమున వాడుకలోనికి వచ్చినది. దాని రోడ్డు భాగము పొడవు 4 కిలోమీటర్లకు పైబడియుండును. దానికి దిగువగా కనబడునది 1900వ సంవత్సరమున తెరువబడిన హేవలాకు వంతెన. దానిపై రైళ్ళు నడచుట 1997వ సంవత్సరమున ఆగిపోయినది. వంతెన దాటి కొవ్వూరు చేరి, ఉత్తరముగా తిరిగినచో పట్టిసీమకు పోవు త్రోవ దొరకును. అచ్చటినుండి 25, 30 కిలోమీటర్ల దూరము మాత్రమే.

ఇప్పుడు నది మనకు కుడిచేతివైపున నున్నది. అయినను మనము పోవు గట్టును కుడిగట్టు అందురు. నది ప్రవహించు దిక్కునకు ముఖము పెట్టి నిలిచి, కుడిఎడమలు నిర్ణయింపవలెననుట నియమము. మనము ఎగువకు పోవుచున్నాము గనుక, కుడిగట్టుమీద నున్నను నది మన కుడిప్రక్కనే యున్నది. ప్రొద్దు పొడిచినప్పుడు ఆవలియొడ్డుమీదుగా వెలుగు నీటిపై పరచుకొని, మన చెంపను తాకును. నదిలో ఇసుకతిన్నెలు, లంకలు కనబడును. ఎడమప్రక్క చూచినచో అరటితోటలు, మొక్కజొన్న చేలు, పొగాకు మళ్ళు, తాడిచెట్లు. ఇండ్ల కప్పులు కొన్నిచోట్ల మన పాదములకంటె దిగువగా నుండును. ఈ దృశ్యమును చూచి ఆనందించుటతో సరిపుచ్చుకొనక, దాని అర్థము గ్రహింపవలెను. ఇండ్ల కప్పులు దిగువను, వరదనీరు ఎగువను ఉండు ఊళ్ళకు ప్రాణరక్షణ ఈ గట్టే.

గోదావరి నాసికు సమీపమున త్ర్యంబకమువద్ద పుట్టి, 1,465 కిలోమీటర్లు ప్రవహించి సముద్రమున కలియును. పాపికొండల నడుమ అది ఇరుకుగా, లోతుగా పారును. పోలవరము, పట్టిసీమలవద్ద కొండలు తొలగి, నది మైదానమున ప్రవేశించును. కొండలు లేని చోట వరదనీరు ఎటు పోవుటకైనను వీలున్నది. అందుచేత మనుష్యులు మట్టితో కొండలవంటి గట్లు కట్టిరి. డెల్టా భూములకు మరియొక విశేషము కలదు. యుగయుగములుగా నది తెచ్చిన ఒండ్రు, నదికి దగ్గరగా ఎక్కువగాను, దూరముగా తక్కువగాను పేరుకొనుటచే, భూమి నదినుండి దూరముగా పోయినకొలది పల్లమగును. కాబట్టి ఒకసారి గండి పడి బయటికి వచ్చిన నీరు తిరిగి నదిలోనికి పోజాలదు. పల్లమునబడి పోవుచు, ఊరువెంట ఊరు ముంచును.

ధవళేశ్వరమువద్ద ఆర్థరు కాటను దొర 1847లో ఆనకట్ట పని ఆరంభించి 1852లో ముగించెను. దానినుండి బయలుదేరిన కాలువలు పొలములకు నీరిచ్చుటయేగాక పడవలకు మార్గములైనవి. గాలి లేనప్పుడు మనుష్యులు కాలువగట్టుమీద నడచుచు, మోకులతో పడవలను లాగుకొనిపోయెడివారు. ఆ పడవలు నేడు దాదాపు కనుమరుగైనవి. గట్లుమాత్రము నిలిచియున్నవి. డెల్టాలో ఒక ఊరినుండి మరియొక ఊరికి కాలువగట్లవెంట పోవు బాటలు సైకిలువానికి నేటికిని దగ్గరి దారులు.

ఇక సైకిలును గూర్చి చూతము. నడచువాడు గంటకు 5 కిలోమీటర్లు పోవును. ఇంచుమించు అంతే శ్రమతో సైకిలుపై 15 కిలోమీటర్లు పోవచ్చును. సాధారణమైన సైకిలునకు ముందరి పళ్ళచక్రమున 44 పళ్ళు, వెనుకటి ఫ్రీవీలున 18 పళ్ళు ఉండును. అనగా పెడలు ఒకమారు తిరుగునప్పటికి వెనుకచక్రము దాదాపు రెండున్నర మారులు తిరిగి, మనలను ఐదు మీటర్లకు పైగా ముందునకు చేర్చును. అడుగునకు అడుగు వేయువానికి ఈ లాభము లేదు. అయితే సైకిలుపై శ్రమ రెండుచోట్ల పెరుగును. ఒకటి, మిట్ట ఎక్కునప్పుడు. రెండవది, ఎదురుగాలిలో. వేగము రెండింతలైన గాలి యొక్క అడ్డు నాలుగింతలగును. గట్టుమీద రెండవ కష్టము తప్పదు గాని, మొదటిది లేదు. నది మైదానమున మిక్కిలి మెల్లగా దిగును. దానిననుసరించు గట్టును అంత మెల్లగానే ఎక్కును. కావుననే గట్టుబాట కాలికి సమతలముగా తోచును.

కొవ్వూరు దాటిన కొంతసేపటికి కుమారదేవము వచ్చును. ఇచ్చట గోదావరి ఒడ్డున ఒక గొప్ప నిద్రగన్నేరు చెట్టుండెడిది. ఎన్నో చలనచిత్రములు దాని నీడను చిత్రింపబడుటచే ప్రజలు దానిని సినిమాచెట్టు అని పిలిచిరి. సుమారు నూటయేబది యేండ్ల వయస్సు గల ఆ వృక్షము 2024 ఆగస్టులో కూలిపోయినది. దానిని మరల చిగురింపజేయుటకు ప్రయత్నములు జరిగినవి. పిమ్మట తాళ్ళపూడి, గూటాల గ్రామములు దాటుదుము.

ఒక సత్యము దాచరాదు. ఈ త్రోవ వాహనములు లేనిది కాదు. ప్రొద్దెక్కినకొలది బస్సులు, మోటారుసైకిళ్ళు, బరువు లారీలు వచ్చును. తెల్లవారుజామున పొందిన నిశ్శబ్దము ఎనిమిది గంటలకే చెదరిపోవును. సైకిలువాడు అంచునకు ఒదిగి, దుమ్ము మ్రింగవలసియుండును. ఇది సైకిలువానికి మాత్రమే కష్టమని తలపకుడు. గట్టునకును కష్టమే. అది నాకు బోధపడిన విధము చెప్పెదను.

1986 ఆగస్టులో గోదావరికి మహావరద వచ్చినది. ధవళేశ్వరమువద్ద నీటిమట్టము 17.75 అడుగులు చేరినచో మూడవ ప్రమాదసూచిక ఇత్తురు. ఆ యేడు నది దానిని మించిపోయి, సెకనుకు 35 లక్షల ఘనపుటడుగులకు పైగా ప్రవహించినది. పలుచోట్ల గట్లు తెగి ఊళ్ళు మునిగినవి. నేనప్పుడు డెల్టాలోని ఒక పల్లెబడిలో క్రొత్తగా చేరిన ఉపాధ్యాయుడను. ఆ రాత్రి మేము లాంతర్లు పట్టుకొని గట్టు కాయుచుంటిమి. మా వద్దకు రావలసిన జీపు గట్టెక్కుచోటనే బురదలో దిగబడిపోయినది. అర్ధరాత్రివేళ ఒక ముసలి లస్కరు సైకిలుపై వచ్చెను. బురద లేనిచోట త్రొక్కి, ఉన్నచోట సైకిలును భుజమున మోసి వచ్చెను.

“మాస్టారూ, అర మైలు దిగువను బుంగ పడినది. నీరు మట్టిరంగుగా వచ్చుచున్నది. బస్తాలు తీసికొని రండు” అనెను.

“తేటనీరైన భయము లేదా, తాతా?” అని అడిగితిని.

“తేటనీరు ఊట, బాబూ. మట్టినీరన్న, గట్టు లోపలినుండి కరిగిపోవుచున్నదని అర్థము” అని అతడు వెనుదిరిగెను.

మేము పరుగెత్తితిమి. బుంగను మూసివేయబోగా అతడు వారించి, దానిచుట్టు ఇసుకబస్తాలతో బావిగోడవలె వలయము కట్టించెను. ఆ వలయములో నీరు నిలిచి ఎత్తు పెరిగినకొలది, నదివైపునుండి త్రోయు ఒత్తిడికి ఎదురొత్తిడి కలిగినది. తెల్లవారునప్పటికి లోపలి నీరు తేటపడినది. ఊరు నిలిచినది. ప్రొద్దు పొడిచిన పిమ్మట లస్కరు మాకు గట్టుపైభాగమును చూపెను. వేసవిలో బరువుబండ్లు ఎక్కిదిగిన చోట మోకాటిలోతు చక్రాల జాడ పడి, వాననీరు నిలిచియుండెను. “నది బయటనుండి త్రోసినది. ఈ గుంట పైనుండి నానబెట్టినది” అని అతడు చెప్పిన మాట నేటికిని నా చెవిలో మ్రోగుచున్నది.

ఆ మాటకు శాస్త్రము కూడ సాక్ష్యమిచ్చుచున్నది. అమెరికాదేశమున 1958 మొదలు 1960 వరకు రోడ్లపై గొప్ప పరీక్షలు జరిపిరి. ఇరుసుపై బరువు రెండింతలైన, రోడ్డునకు కలుగు హాని రెండింతలు గాక ఇంచుమించు పదునారింతలగునని వానివలన తేలినది. మనిషితో కూడిన సైకిలు బరువు నూరు కిలోగ్రాములకు మించదు. ఇసుక నింపిన పెద్ద లారీ బరువు ఇరువది టన్నులకు పైబడును. ఇక లెక్క మీరే వేసికొనుడు. సైకిలు గట్టునకు చుట్టము. మోయలేని బరువు గట్టునకు శత్రువు.

ఈ సంగతిని ఉపయోగములోనికి తెచ్చిన దేశములు కలవు. ఫ్రాన్సుదేశమున లువార్ అను నది కలదు. దాని పొడవు సుమారు 1,000 కిలోమీటర్లు. ఆ నదీలోయ ప్రజలు పండ్రెండవ శతాబ్దమునుండి మనవలెనే వరదగట్లు కట్టుకొనిరి. మనవలెనే దెబ్బలు తినిరి. 1846, 1856, 1866 సంవత్సరముల వరదలలో ఆ గట్లు అనేకచోట్ల తెగినవి. ఆ దేశపు కాలువలవెంటను పడవలు లాగు బాటలు ఉండెడివి. రైళ్ళు, లారీలు వచ్చి పడవలు తగ్గిన తరువాత ఆ బాటలు పాడువడకుండ, వానిలో అనేకములను సైకిళ్ళకు, పాదచారులకు విడిచిపెట్టిరి. లువార్ నదివెంట నేడు సుమారు 900 కిలోమీటర్ల సైకిలుమార్గము కలదు. అందు కొంతభాగమున మోటారు వాహనములకు ప్రవేశము లేదు. తక్కినది బండ్లు మిక్కిలి తక్కువగా తిరుగు పల్లెబాట. పిల్లలు, వృద్ధులు కూడ నిర్భయముగా ద్రాక్షతోటలను, పాతకోటలను చూచుచు పోవుదురు. దారిలోని పల్లెల పూటకూళ్ళకు, అంగళ్ళకు బేరము పెరిగినది. వారి గట్టు గట్టుగానే యున్నది. బాటయు దక్కినది.

మనకు గట్లు లేవా? డెల్టా నిండ కాలువగట్లున్నవి. ప్రతి గట్టును సైకిలునకే విడువుమనుట సాధ్యము కాదు. రైతుబండి పోవలెను, రోగిని మోయు వాహనము పోవలెను. కాని వేరుత్రోవ యున్నచోట బరువులారీలను గట్టెక్కనీయకుండుట, కొన్ని గట్లనైన పిల్లల సైకిళ్ళకు ఉంచుట కోరదగిన పనులు. ఆ గట్టుమీద బడికి పోవు బాలికకు భయము తగ్గును. గట్టునకు ఆయువు పెరుగును.

మాటలలోనే పట్టిసీమ వచ్చినది. నది నడుమ దేవకూటమను కొండపై వీరభద్రస్వామి ఆలయము కనబడుచున్నది. మహాశివరాత్రికి వేలకొలది జనులు ఇచ్చటికి వచ్చి పడవలపై దాటుదురు. సైకిలును రేవున నిలిపి, మనమును పడవ ఎక్కుదము. ఒడ్డుననే ఎత్తిపోతల పథకపు పంపులున్నవి. 2015లో ఆరంభింపబడిన ఈ పథకమునందు 24 పంపులు సెకనుకు 8,500 ఘనపుటడుగుల నీటిని ఎత్తి, పోలవరము కుడికాలువద్వారా కృష్ణానదికి పంపగలవు. ఎగువను పాపికొండలు నీలముగా తోచుచున్నవి. గట్టు ఇచ్చట ఎందులకు మొదలుపెట్టవలసివచ్చెనో ఆ కొండలను చూచిన తెలియును.

మీరు గట్టుమీద సైకిలు త్రొక్కునప్పుడు కొన్ని నియమములు పాటింపుడు. బ్రేకులు, గంట సరిచూచుకొనుడు. చీకటిలో దీపము లేక పోకుడు. వరదసూచిక ఇచ్చినప్పుడు, గట్టు నానియున్నప్పుడు వేడుకకై ఎక్కకుడు. ఎచ్చటనైన గుంటగాని, బుంగగాని, మట్టినీటి ఊటగాని కనబడిన దానివద్ద నిలువక, వెంటనే పెద్దలకు, లస్కరుకు తెలియజేయుడు. ఆ రాత్రి ఒక ఊరిని నిలిపినది పెద్దయంత్రము కాదు, ఒక పాతసైకిలు, దానిపై వచ్చిన ఒక మనిషి కన్ను. ఆ కన్ను మీకును ఉండవలెను.