లెక్కల కొలువు: అనుభవమను అడ్డుగోడ

బి.కాం. పట్టము పుచ్చుకొని గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు పట్టణములలో లెక్కల గుమాస్తా పనికై తిరుగాడు యువజనులను యజమానులు అడుగు ప్రశ్న యొక్కటే: "ఎన్నేండ్ల అనుభవము కలదు?" అనుభవము లేనివానికి కొలువు లేదు, కొలువు లేనివానికి అనుభవ మెట్లు కలుగును? దీనికి ఉత్తరము చెప్పవలసినవారు నిరుద్యోగులు కారు. వారిని పనిలో పెట్టుకొనగల వర్తకులును భూస్వాములునే యని మా యభిప్రాయము.

నిజాము పాలనమున లెక్కలు నేర్చుటకు ఉమేదువారీ యను పద్ధతి యుండెను. బాలుడు కచేరీలోనో షావుకారు కొట్టులోనో జీతము లేకయే చేరి, చిట్టా వ్రాయుచు, ఆవర్జాలోని కెక్కించుచు, రొక్కపు నిలువ సరిచూచుచు, ఖాళీ యేర్పడువఱకు కాచుకొనియుండెడివాడు. పని చక్కగా వచ్చెడిది. కాని అన్నాళ్లు కొడుకునకు కూడు పెట్టగల తండ్రి యున్నవానికే ఆ భాగ్యము. సర్కారు లెక్కలు ఉరుదులో నుండుటచే తెలుగు మాత్రమే చదివినవానికి కచేరీ ద్వారము మూయబడియే యుండెను. పల్లె లెక్కలు పట్వారీ కుటుంబముల చేతులలో నుండెను. 1984లో నందమూరి తారకరామారావు ప్రభుత్వము ఆ పదవులను రద్దుచేసెను. కావున ఉమేదువారీ మరల రావలెనని మే మనము. అనుభవ మిచ్చుచున్నామని చెప్పి జీతము లేక పని చేయించుకొనువారు దానినే వేఱు పేరున తెచ్చుచున్నారు.

2016 అక్టోబరులో ఈ మూడు పట్టణములును జిల్లా కేంద్రము లయ్యెను. 2017 జూలైలో వస్తుసేవల పన్ను వచ్చెను. అది మొదలు వేరుసెనగ వ్యాపారికిని, పత్తి వ్యాపారికిని, గద్వాల చీరల వ్యాపారికిని గడువు తప్పని లెక్కలు అవసరమయ్యెను. పెక్కురు బిల్లులను సంచిలో వేసి పన్నుల సలహాదారునకు పంపుదురు. (కొందఱి సంచిలో ఇంటి కిరాణా చీటియు దొరలును!) ఆ సలహాదారు గదియే నిజమైన పాఠశాల. కళాశాలలో జమాఖర్చుల సూత్రములు నేర్పుదురు. చినిగిన బిల్లును చదువుట, బ్యాంకు ఖాతాతో పుస్తకమును సరిపోల్చుట, ట్యాలీలో తప్పు పద్దును పట్టుట అక్కడనే వచ్చును.

చట్ట మిందులకు కొంత తోడ్పడుచున్నది. 1961 నాటి అప్రెంటిసుల చట్టమునకు 2019లో మార్చిన నిబంధనల ప్రకారము ముప్పదిమంది పనివారున్న సంస్థ అభ్యాసకులను తప్పక చేర్చుకొనవలెను. నలుగురు మొదలు ఇరువదితొమ్మండుగు రున్నచోట అది ఐచ్ఛికము. పట్టభద్రునకు నెలకు 9,000 రూపాయలకు తగ్గని భృతి నానాడు నిర్ణయించిరి. మన అడ్తి దుకాణములలో నలుగురు గుమాస్తాలున్న వెన్ని? చిక్కంతయు నిక్కడనే. పలువురు యజమానులు కలిసి తర్ఫీదు నిచ్చుటకు చట్టము సమ్మతించుచున్నను, చిన్న కొట్టులకు ఆ మేలు చేరుట లేదు. వర్తక సంఘములు చందాతోనైనను ఊరి కిద్దఱు ముగ్గురను భృతినిచ్చి నిలుపవలెను.

యువకులును చేతులు ముడిచి కూర్చుండ నక్కఱ లేదు. గద్వాల ప్రాంతమున ప్రత్తి విత్తనములు పండించు రైతు ఆర్గనైజరువద్ద ముందుగా సొమ్ము తెచ్చుకొనును. విత్తనము పరీక్షలో నెగ్గిన పిమ్మట వడ్డీ పోగా మిగిలినది పుచ్చుకొనును. లెక్క తఱచుగా ఆర్గనైజరు పుస్తకములోనే యుండును. తండ్రి రెండెకరములకు బాకీ, వడ్డీ, పూలను సంకరపఱచు కూలి, వచ్చిన తూకము తేదీలతో వ్రాసి చూపిన పిల్లవాడు ఆ యింటికి ఎంతటి రక్షణము! ఊరి మహిళా సంఘపు రొక్కపు పుస్తకమును ఒక సంవత్సరము నడపి, బ్యాంకు పాసుపుస్తకముతో పైసకు పైస సరిచూపిన యువతికి అనుభవము లేదనుట ఎట్లు? దరఖాస్తుతోపాటు అట్టి పుస్తకమును గొనిపోవలెను. యజమానియు పట్టముకన్న ముందు దానినే తెఱచి చూడవలెను.

లెక్కల సంవత్సరము మార్చి 31తో ముగియును. జనవరి మొదలు సలహాదారుల గదులలో పని పెరుగును, చేతులు చాలవు. క్రొత్తవానిని భృతిపై చేర్చుకొనుటకు వారికిని, అడుగుటకు వీరికిని అదియే అదను.